ఆటలో కుదిరిన స్నేహం, నవలలో కుదరని ప్రేమ: ఈ నెల పుస్తకం మీద చర్చ

తంగేడుపూలు:

ఈ నెల మనం చదవడానికి ఎంచుకున్న నవల మీద చర్చ మొదలుపెడుతున్నాను. రచయితకు ఇది తొలి నవల కాబట్టి పేరు పెట్టి నిందించడం నా అభిమతం కాదు. చదివినవారికి ఏ పుస్తకమో తెలుసు, చదవనివారికి కథ తెలిస్తే చాలు. చివరి అధ్యాయం దాకా జరిగినదంతా ఇక్కడ ప్రస్తావనకు వస్తుందని ముందే మనవి చేస్తున్నాను.

అమెరికాలోని ఒహాయోలో ఉండే 19 ఏళ్ల కుర్రవాడికి ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆటలో ఒక అమ్మాయితో స్నేహం కుదురుతుంది. ఆమె ఉండేది కాలిఫోర్నియాలో. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే వారికి మూడేళ్లు గడిచిపోతాయి. తండ్రి పోయిన రాత్రి అతను బంధువులందరికంటే ముందు ఆమెకే చెప్పుకుంటాడు. పుస్తకం సగానికి వచ్చేసరికి అతను విమానమెక్కి ఆమెను చూడటానికి వెళ్తాడు, విమానాశ్రయంలో ఆమె ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, స్త్రీగా బతుకుతున్న మనిషి) అని అతనికి తెలుస్తుంది. అక్కడి నుంచి ఏడు అధ్యాయాల పాటు అతని కోపం, ఆమె క్షమాపణలు. చివరికి అతను పెద్ద మనసు చేసుకుని క్షమిస్తాడు, ఇద్దరూ ఒకటవుతారు.

ఈ పుస్తకం మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. కథల్లో ట్రాన్స్ పాత్రలు కనిపించేదే తక్కువ, కనిపించినా బాధితులుగానో, నవ్వులపాలు కావడానికో, కథానాయకుడి మంచితనాన్ని చాటడానికో కనిపిస్తాయి. ఒక ట్రాన్స్ అమ్మాయి అందరిలాగే ఆడుకుంటూ, అలుగుతూ, మనసు పారేసుకుంటూ తిరిగే ప్రేమకథ నిజంగా అరుదు. పైగా ముఖాలతో నిమిత్తం లేకుండా కేవలం మాటల మీద పెరిగిన స్నేహం. ఈ రెండూ కలిసిన చోట ఎంత మంచి నవల పుట్టాలి! కానీ రచయిత మూడేళ్ల స్నేహాన్ని మూడు అధ్యాయాల్లో చుట్టబెట్టి, మిగిలిన పుస్తకాన్నంతా ‘ఆమె ముందే ఎందుకు చెప్పలేదు’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిప్పారు. ఆమె ఎవరన్నది తెలుసుకోవాలన్న కుతూహలం ఈ పుస్తకంలో నాకు ఎక్కడా కనబడలేదు. ఆమె ఏం దాచిందన్నదే దీనికి కావలసింది. నా నిరాశకు మూలం ఇదే. మిగతావారు ఎలా చదివారో తెలుసుకోవాలని ఉంది.

గోదావరి_గట్టు:

తంగేడుపూలు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. అయినా ఈ పుస్తకానికి న్యాయంగా దక్కవలసినది కొంత ఉంది. ట్రాన్స్ అమ్మాయి చివరి పేజీ దాకా ప్రాణాలతో ఉండటం, కాలేజీ చదువు మానకపోవడం, ప్రేమించినవాడితో కలిసి ఉండటం చిన్న సంగతులు కావు. ఇలాంటి పాత్రను విషాదానికి బలి ఇవ్వకుండా కథ నడిపిన రచయితను నేను ఆ మేరకు మెచ్చుకుంటాను. ఆ అమ్మాయి తల్లి పాత్ర కూడా నాకు బాగా నచ్చింది. కూతురు పేరు మార్పు కాగితాలు కోర్టు నుంచి వచ్చిన రోజున ఆమె ఏమీ మాట్లాడకుండా వంటింటి గోడ మీది పాత ఎత్తు గీతల పక్కన పాత పేరు చెరిపి కొత్త పేరు రాసే సన్నివేశం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇంటర్ చదివే మా అమ్మాయి తెచ్చుకుంది కాబట్టే నేను ఈ నవల చేతిలోకి తీసుకున్నాను. ఆ వయసు పిల్లలకు ఇది తొలి పరిచయంగా పనికి వస్తుందని నా నమ్మకం.

రాత్రిపూట_హీలర్:

నేను ఆ ఆటను చాలా ఏళ్లు ఆడినవాడిని, అందులోనూ హీలర్‌గా ఆడినవాడిని. కాబట్టి ఇతరులు దాటేసి ఉండగల ఒక లోపం గురించి వివరంగా రాయాలనుకుంటున్నాను.

నవలలో ఆ అమ్మాయి పాత్ర నైట్ ఎల్ఫ్ జాతికి చెందిన ప్రీస్ట్, అంటే జట్టులో అందరి గాయాలూ మాన్పే హీలర్. కానీ మూడో అధ్యాయంలోని పెద్ద యుద్ధంలో ఆమె డ్రాగన్‌కు ఎదురుగా నిలబడి దాని దెబ్బలు కాస్తున్నట్టు రాశారు. అది ట్యాంక్, అంటే జట్టు తరఫున దెబ్బలు కాసే యోధుడు, చేసే పని. ప్రీస్ట్ అక్కడ నిలబడితే రెండు దెబ్బలకు నేలకొరుగుతుంది. ఆట తెలిసినవారు ఇది చదివి నొచ్చుకుంటారన్నది చిన్న విషయం. ఆ తప్పు వల్ల కథకు ఎంత నష్టం జరిగిందన్నది అంతకంటే పెద్ద విషయం.

రెయిడ్‌లో, అంటే పెద్ద జట్టుగా కలిసి చేసే దాడిలో, హీలర్ నిజానికి డ్రాగన్‌ను చూడనే చూడడు. అతని కళ్లు తెర మీద ఒక మూలన వరుసగా పేర్చిన పట్టీల మీద ఉంటాయి. ఒక్కో పట్టీ ఒక్కో మనిషి ప్రాణం. 2004 నవంబరులో ఆట విడుదలైన తొలి రోజుల్లో పెద్ద రెయిడ్‌కు 40 మంది కావలసి వచ్చేది, అంటే అన్ని పట్టీలు. ఏ పట్టీ తరుగుతోందో, ఎవరు కంగారుపడి ముందుకు పరిగెడతారో, ఎవరు మంటలో నిలబడి కూడా గమనించరో హీలర్‌కు కొన్నాళ్లకు మనసున పట్టేస్తుంది. తన దగ్గరున్న మానా, అంటే గాయాలు మాన్పే మంత్రశక్తి, అయిపోవస్తుంటే ఎవరిని కాపాడాలో, ఎవరిని వదులుకోవాలో అరక్షణంలో తేల్చుకోవాలి. ఒకే హీలర్ దగ్గర ఏళ్ల తరబడి ఆడినవాడికి, తనను ఒకరు అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉన్నారన్న సంగతి మాటల్లో చెప్పకుండానే తెలిసిపోతుంది.

ప్రేమకథ రాసేవారికి ఇంతకంటే ఏం కావాలి? ఆ కుర్రవాడు మూడేళ్ల పాటు ఆమె చేతుల్లో ప్రాణం పెట్టుకుని ఆడాడు. అతని తండ్రి పోయిన వారంలో అతను పరధ్యానంగా ఆడుతున్నాడని అతని పట్టీని చూసే ఆమె కనిపెట్టి ఉండవచ్చు. రచయితకు ఆట లోపలి జీవితం తెలియకపోవడంతో ఆ స్నేహమంతా ‘వాళ్లు తెల్లవారే దాకా మాట్లాడుకున్నారు’ అన్న వాక్యంగా మిగిలిపోయింది. మూడో అధ్యాయం తర్వాత ఆ ఆట పేరు కూడా దాదాపుగా వినబడదు.

మల్లిక_విశాఖ:

హీలర్ గారి మాటలు చదివిన తర్వాత నేనూ రాయాలనిపించింది. నేను ట్రాన్స్ మహిళను. ఈ కథ నా వంటివారి కథ కావాలి, కాలేదు.

ముందుగా ఒక వాస్తవ దోషం చెబుతాను. పదకొండో అధ్యాయంలో ఆ అమ్మాయి హార్మోన్ మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకే గొంతు సన్నబడి, ‘తీగలా’ మారిపోయిందని రాశారు. అలా జరగదు. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ వల్ల ఒకసారి మందమైన స్వరతంతువులు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ వాడినంత మాత్రాన మళ్లీ పలచబడవు. ట్రాన్స్ పురుషుల విషయంలో టెస్టోస్టెరాన్ గొంతును బొంగురు చేస్తుంది, కానీ మా విషయంలో మందు ఆ పని చేయదు. మేం గొంతును సాధన చేసి మార్చుకుంటాం. స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకునేవారు కొందరు, గది తలుపు వేసుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుని, విని, మళ్లీ పలికి నేర్చుకునేవారు కొందరు. శ్రుతి పెంచితే సరిపోదు, శబ్దం ఛాతీలో మోగకుండా నోటి ముందు భాగంలో మోగేలా పట్టు సాధించాలి. తుమ్మినా, ఉలిక్కిపడినా, పగలబడి నవ్వినా పాత గొంతు బయటపడుతుందేమోనన్న భయం ఎన్నాళ్లకూ పోదు.

ఇక ఆట సంగతి. 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధించే దాకా నేను పబ్జీ మొబైల్‌లో నలుగురి జట్టుతో ఆడేదాన్ని. మిగతా ముగ్గురూ మైక్‌లో మాట్లాడుకునేవారు. నేను మైక్ పాడైందని చెప్పి, ముందే సిద్ధంగా ఉండే చిన్న సందేశాల బటన్లు నొక్కుతూ, వీలు చిక్కినప్పుడు టైపు చేస్తూ ఆడేదాన్ని. శత్రువు చెట్టు వెనుక ఉన్నాడని నోటితో చెప్పడానికి ఒక్క క్షణం చాలు. అదే టైపు చేసేలోపు జట్టులో ఒకరు పడిపోయేవారు, దాని తర్వాత వచ్చే విసుగు మాటలు నేను ఆ మైక్ లేకుండానే వినేదాన్ని. ఒక స్నేహితురాలు మాత్రం ఎన్నడూ కారణం అడగలేదు. నేను టైపు చేస్తున్నట్టు గమనిస్తే తను ముందుకు వచ్చి నాకు అడ్డంగా నిలబడేది.

ఈ నవలలోని అమ్మాయి మూడేళ్లు రెయిడ్లు ఆడింది, ఆ 25 మంది నడుమ వాయిస్ చాట్ అన్న మాటే రాలేదు. ఆమె మాట్లాడిందా, మౌనంగా విన్నదా? మొదటిసారి మైక్ నొక్కిన రోజు ఏం జరిగింది? నాకు తెలిసి ఇలాంటి కథకు గుండెకాయ అదే, విమానాశ్రయం కాదు.

డాలస్_చదువరి:

మల్లిక గారికి ధన్యవాదాలు. నేను మాట్లాడదలచుకున్నది ఆ విమానాశ్రయం సన్నివేశం గురించి.

కథానాయకుడు అక్కడ ‘నువ్వు నన్ను మోసం చేశావు’ అంటాడు. ఆ అమ్మాయి తల వంచుకుని ఒప్పుకుంటుంది. రచయిత కూడా ఆ మాటను ఖండించకుండా, దానినే మిగతా కథకు పునాదిగా వేశారు. అమెరికాలో జరిగే కథలో ఈ మాట ఎంత బరువైనదో గుర్తు చేయాలి. కథానాయిక పెరిగిన కాలిఫోర్నియాలోనే, నూవార్క్ పట్టణంలో 2002 అక్టోబరులో గ్వెన్ అరౌహో అనే 17 ఏళ్ల ట్రాన్స్ అమ్మాయిని ఆమెతో పరిచయమున్న యువకులే కొట్టి చంపారు. ఆమె ట్రాన్స్ అని తెలిసి తట్టుకోలేకపోయారని, ఆమె మోసం చేసిందని వారి తరఫు వాదన నడిచింది. మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, 2005లో రెండో విచారణ జరిగాక గాని ఇద్దరి మీద హత్యానేరం రుజువు కాలేదు. 2006లో ఆమె పేరిటే ఒక చట్టం వచ్చింది. ఇలాంటి వాదనతో శిక్ష తగ్గించుకునే వీలును 2014లో కాలిఫోర్నియా పూర్తిగా తొలగించింది, అమెరికాలో ఆ పని చేసిన తొలి రాష్ట్రం అదే.

ఇంత చరిత్ర ఉన్న నేల మీద పెరిగిన అమ్మాయి, ఒంటరిగా ఒక యువకుడిని కలవడానికి వెళ్లేటప్పుడు ఏం ఆలోచిస్తుంది? భయపడదా? ఎవరికైనా చెప్పి వెళ్లదా? నలుగురు తిరిగే విమానాశ్రయంలోనే కలుద్దామని ఆమె ఎందుకు పట్టుబట్టిందో నాకు వెంటనే అర్థమైంది, కథానాయకుడికి మాత్రం చివరి దాకా అర్థం కాలేదు. రచయితకైనా అర్థమైందా అన్నది నా సందేహం.

గోదావరి_గట్టు:

డాలస్ చదువరి గారు చెప్పిన నేపథ్యం నాకు కొత్త, ఆ సన్నివేశాన్ని మళ్లీ చదువుతాను. అయినా ఒక ప్రశ్న అడగాలని ఉంది. మూడేళ్లు ప్రాణస్నేహితురాలిగా ఉన్న మనిషి తన జీవితంలోని ముఖ్యమైన సంగతి చెప్పలేదని తెలిసినప్పుడు ఎవరికైనా మనసు నొచ్చుకోదా? ఆ నొప్పిని చూపడం తప్పని అనగలమా? కథానాయకుడు మొదటి పేజీ నుంచే అన్నీ తెలిసిన ఉత్తముడైతే కథే ఉండదు కదా.

మల్లిక_విశాఖ:

నొచ్చుకోవచ్చు. దాని గురించి నిజాయితీగా రాస్తే చదవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నొచ్చుకోవడం వేరు, ఎదుటి మనిషి తనకు బాకీ పడినట్టు ఏడు అధ్యాయాల పాటు వసూలు చేయడం వేరు.

ఆటలో పెట్టుకున్న పేరు వెనుక ఉండటం మోసం కాదని ఆ ఆట ఆడేవారు ఎప్పుడో తేల్చి చెప్పారు. 2010 జూలైలో ఆ ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ తన చర్చా వేదికల్లో రాసేవారందరి అసలు పేర్లూ బయటికి కనబడేలా చేస్తామని ప్రకటించినప్పుడు ఆటగాళ్లు పెద్ద ఎత్తున ఎదురు తిరిగారు. వేధింపులకు గురైన స్త్రీలు, ట్రాన్స్ వ్యక్తులు, అసలు పేరు బయటపడితే ఉద్యోగానికి చేటు అనుకున్నవారు అందులో ఉన్నారు. కొద్ది రోజుల్లోనే సంస్థ ఆ ఆలోచన మానుకోవలసి వచ్చింది. అంతకుముందు 2006లో, స్వలింగ ప్రేమికులకు, ట్రాన్స్ వ్యక్తులకు అనువైన గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) అని ఆటలో ప్రకటించుకున్న ఒక క్రీడాకారిణిని ఇదే సంస్థ హెచ్చరించి, విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పింది. అంటే అక్కడ తన గురించి చెప్పుకుంటే హెచ్చరిక, చెప్పుకోకపోతే మోసగత్తె అన్న పేరు.

మన దగ్గరా ఇదే తీరు. నిజాం కాలంలో 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చిన చట్టం ప్రకారం మా వంటివారిలో పోలీసు రిజిస్టరుకు ఎక్కినవారు స్త్రీ వేషంలో వీధిలో కనబడితే చాలు, వారంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023 జూలైలో. మేం మాలాగా కనబడటాన్నే మారువేషం అని చదివే అలవాటు ఆ చట్టంలో ఉంది, ఈ నవలలోనూ ఉంది.

అక్షరాల_బడి:

కథన శిల్పం గురించి నాకు తోచినది చెబుతాను. నవల అంతా కథానాయకుడి నోట నడుస్తుంది. అది రచయిత హక్కు. కానీ ఈ కథలో ఆ అమ్మాయి మాటలు నేరుగా వినిపించే మార్గం ఒకటి చేతిలోనే ఉంది, అదే వారి చాట్. రాత్రుళ్లు వారు రాసుకున్న మాటలను ఉన్నవి ఉన్నట్టుగా పేజీల మీద పెట్టి ఉంటే, కథ చెప్పేది అతనే అయినా ఆమె స్వరం మనకు వినబడేది. ఆమె ఎక్కడ మాట మార్చింది, ఏ ప్రశ్నకు జవాబు రాయడానికి ఆలస్యం చేసింది, ఏ మాట సగంలో తుడిచేసింది అన్నవి చూసి మనం ఆమెను సొంతంగా తెలుసుకునేవాళ్లం. అతనికి తెలియనిది పాఠకుడికి ముందే తెలిసి ఉంటే విమానాశ్రయంలో మన గుండె ఆమె కోసం కొట్టుకునేది. ఇప్పుడు మనల్ని కూడా అతనితో పాటు నిలబెట్టి, ఆమెను చూసి అదిరిపడమంటున్నారు.

రేవతి గారి ఆత్మకథను పి. సత్యవతి గారి అనువాదంలో చదివినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అందులో ఒక హిజ్రా తన బతుకును తానే చెబుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందు చెప్పాలో, ఏది చెప్పకుండా వదలాలో ఆమె ఇష్టం. ఆత్మకథకూ ప్రేమ నవలకూ పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గొంతు తెలుగులో ఒకసారి విన్న పాఠకురాలికి, ట్రాన్స్ అమ్మాయిని సంజాయిషీలకే పరిమితం చేసిన పుస్తకం తప్పకుండా వెలితిగా తోస్తుంది.

రాత్రిపూట_హీలర్:

గోదావరి గట్టు గారి ప్రశ్నకు నా వంతు జవాబుగా ఒక నిజ జీవితాన్ని గుర్తు చేస్తాను. నార్వేకు చెందిన మాట్స్ స్టీన్ అనే యువకుడు డుషేన్ కండర క్షీణత వ్యాధితో 2014లో, 25 ఏళ్ల వయసులో మరణించాడు. కొడుకు బయటి లోకం చూడకుండా ఒంటరిగా పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త పెట్టాక వివిధ దేశాల నుంచి ఈమెయిళ్లు రావడం మొదలైంది. ఇదే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఐబెలిన్ అనే పేరుతో ఆడుతూ అతను సంపాదించుకున్న స్నేహితులు వారంతా. వారిలో కొందరు అంత్యక్రియలకు కూడా వచ్చారు.

ఆ ఆటలో ఐబెలిన్ బలంగా పరిగెత్తే వీరుడు. చక్రాల కుర్చీలో ఉన్న సంగతి మాట్స్ తన గిల్డ్‌లో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఈ కథ విన్నప్పుడు మనకు ఎవరికీ మోసం అన్న మాట తోచదు. చెప్పుకోవడం ఎంత కష్టమైందో పాపం అనుకుంటాం, ఆ స్నేహితులు ఎంత అదృష్టవంతులో అనుకుంటాం. మరి ట్రాన్స్ అమ్మాయి విషయానికి వచ్చేసరికి అదే మౌనం నేరమెలా అవుతుంది? ఆ కుర్రవాడికి మూడేళ్లు దొరికిన శ్రద్ధ అబద్ధమా? అతను ఈ ప్రశ్న తనను తాను ఒక్కసారైనా వేసుకుని ఉంటే నేను ఈ పుస్తకాన్ని క్షమించేవాడిని.

తంగేడుపూలు:

అందరి అభిప్రాయాలూ చదివాక రెండో అధ్యాయాన్ని మళ్లీ తెరిచాను. పుస్తకం మొత్తంలో నాకు నిజంగా నచ్చినది అదే. రెయిడ్ ఓడిపోయి గిల్డ్‌లో అందరూ నిద్రకు వెళ్లాక, ఆ ఇద్దరి పాత్రలూ ఒక చెరువు గట్టున కూర్చుని చేపలు పడతాయి. గాలం వేయడం, నీటి మీద బెండు కదిలే దాకా ఎదురు చూడటం, అది మునగగానే నొక్కడం. చేతులకు అంతే పని, మిగతా సమయమంతా టైపు చేసుకోవడం. ఆమె మధ్యలో ‘నాకు ఈ చెరువు చాలు’ అంటుంది. అతను నవ్వి ఇంకో చేప పడతాడు. ఆ నాలుగు పేజీల్లో ఎవరూ ఎవరికీ ఏదీ రుజువు చేయనక్కరలేదు. రచయితకు ఈ కథ రాయగల నేర్పు ఉందనడానికి నాకు ఆ నాలుగు పేజీలు చాలు. అందుకే మిగతా పుస్తకం మీద కోపం ఇంకా ఎక్కువైంది. ఆ ఇద్దరూ కలుసుకున్న తర్వాత ఒక్కసారైనా పక్కపక్కన కూర్చుని ఆ ఆట ఆడి ఉండాల్సింది. ఆమె వేళ్లు కీబోర్డు మీద ఎలా కదులుతాయో అతను అప్పటిదాకా చూడలేదు.

గోదావరి_గట్టు:

హీలర్ గారు చెప్పిన మాట్స్ స్టీన్ ఉదంతం నా ప్రశ్నకు సరైన జవాబు. కథానాయకుడి నొప్పిని చూపవచ్చన్న నా అభిప్రాయం అలాగే ఉంది, కానీ దానికి ఏడు అధ్యాయాలు ఇచ్చి ఆమె భయానికి ఒక్క పేరా కూడా ఇవ్వకపోవడం అన్యాయమే.

మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో అధ్యాయంలో ఉంది. పుస్తకం లాక్కోవడం నాకు ఇష్టం లేదు, తల్లి పాత్ర కోసమైనా తను పూర్తి చేయాలి. మల్లిక గారూ, మీరు గొంతు గురించి, మైక్ గురించి రాసినది తనకు చదివి వినిపించవచ్చా? పదకొండో అధ్యాయం కంటే ముందే తనకు ఆ సంగతి తెలిస్తే బాగుంటుందని నా ఆలోచన.

మల్లిక_విశాఖ:

తప్పకుండా వినిపించండి. మాత్రలతో గొంతు మారుతుందన్న పేరా పక్కన పెన్సిల్‌తో ‘కాదు’ అని రాసి ఇవ్వండి. తర్వాత ఆ పుస్తకం తన స్నేహితుల చేతికి వెళ్లినా ఆ గుర్తు దానితోనే వెళ్తుంది. మీ అమ్మాయికి ఏవైనా ప్రశ్నలుంటే ఇక్కడే అడగమనండి, నేను జవాబు రాస్తాను.